సులోచన బూట్లలో మెత్తలు

"బాల్ సంగతి తర్వాత! ముందు లేచి నిలబడు కమలా!"

దమయంతి టీచర్ విజిల్ ఊదారు. కమల సిమెంటు గచ్చు మీద చతికిలబడి ఉంది. హాకీ కర్ర ఒక పక్క, తను ఒక పక్క. కాళ్లకున్న చక్రాలు మాత్రం ఇంకా గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

కమల లేచి నిలబడింది. కుడి మడమ భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల వంచుకుని లేసు సర్దుకుంటున్నట్టు నటించింది.

ఆ యేడు ఊళ్లో గొడవల వల్ల బడులు చాలా నెలలు మూతపడ్డాయి. మళ్లీ తెరిచాక, నారాయణగూడలోని ఆ ఆడపిల్లల బడికి ఒక పాత పెట్టె వచ్చింది. ఎక్కడో మూతపడుతున్న ఒక క్లబ్బు ఆ పెట్టెలో ఆరు జతల చక్రాల బూట్లు, కొన్ని హాకీ కర్రలు పెట్టి పంపింది. తోలు బూటు, దాని అడుగున నాలుగు చక్రాలు. వాటిని తొడుక్కుని గచ్చు మీద జారుతూ హాకీ ఆడాలి. బడి మొత్తానికి అంతకంటే గొప్ప ఆట ఇంకొకటి లేదు.

టీచర్ ఆరుగురిని ఎంచుకున్నారు. ఆట ఆడేది అయిదుగురు. ఒకరు బయట కూర్చోవాలి. గోల్ కొట్టడానికి ముందుండే ఫార్వర్డ్ కమల. ఏడో తరగతిలో పరుగు పందెం ఎప్పుడు పెట్టినా మొదట వచ్చేది కమలాకుమారే కాబట్టి ఎవరూ మారు మాట్లాడలేదు.

కానీ నేల మీద పరుగు వేరు. చక్రాల మీద పరుగు వేరు.

బూట్లన్నీ ఒకటే సైజు, పిల్లలకు పెద్దవి. కమల ఒకడుగు వేస్తే పాదం ముందుకు జారేది. మడమ పైకి లేచేది. తోలు రాసుకుని రాసుకుని మడమ మీద బొబ్బ లేచింది. చీలమండ అటూ ఇటూ ఊగేది.

"సులోచనా, నువ్వు ముందుకు రా" అన్నారు టీచర్. "కమలా, నువ్వు జర వెనక ఆడు."

సులోచన కమల క్లాసే. చిక్కడపల్లి పిల్ల. సన్నగా, నెమ్మదిగా ఉంటుంది. పరుగు పందెంలో ఎప్పుడూ చివర వచ్చేది. అలాంటి సులోచన చక్రాల మీద మాత్రం నీళ్ల మీద బాతులా పోతోంది! బాల్ అందుకుంది, ఒక మలుపు తిరిగింది, టక్కున కొట్టింది. గోల్!

అందరూ చప్పట్లు కొట్టారు. కమల కూడా కొట్టింది. కానీ చప్పుడు రాలేదు.

*

అశోక్‌నగర్‌లో ఇంటికి వచ్చేసరికి కమల కుంటుతోంది. వాళ్లమ్మ ఆదిలక్ష్మి మేజోడు విప్పి చూసి అదిరిపడింది.

"ఏమిటే ఇది! మడమంతా పచ్చి పుండు చేసుకొచ్చావు!"

"బూట్లు పెద్దవమ్మా."

"అందరివీ అవే బూట్లు కదే. మొన్న మార్కెట్లో మీ సులోచన కనిపించింది. చక్కగా నడుచుకుంటూ పోతోంది. ఆ పిల్లకి లేని పుళ్లు నీకే ఎందుకొచ్చాయి?"

అమ్మ మామూలుగానే అంది. పసుపు, కొబ్బరినూనె కలిపి మెల్లగా రాసింది. కానీ ఆ మాట పుండు కంటే ఎక్కువ మండింది.

అవును, ఎందుకు లేవు? అవే బూట్లు. అదే గచ్చు. అదే ఆట. ఆ అమ్మాయికి ఎందుకు నొప్పి లేదు?

అన్నం తింటున్నంతసేపూ కమల అదే ఆలోచించింది. పెరుగు వడ్డించినా చూసుకోలేదు.

*

మర్నాడు సాయంత్రం కమల ఒకటి గమనించింది. బూట్లు తొడుక్కోవడానికి అందరూ గచ్చు పక్కన మెట్ల మీద కూర్చుంటారు. సులోచన ఒక్కతే సామాన్ల గది వెనక్కి వెళుతుంది. అటు తిరిగి కూర్చుంటుంది. తొడుక్కున్నాకే బయటికి వస్తుంది.

కమల హాకీ కర్ర తెచ్చుకునే వంకతో సామాన్ల గదిలోకి వెళ్లింది. కిటికీలోంచి తొంగి చూసింది.

సులోచన పుస్తకాల సంచీలోంచి ఒక చిన్న గుడ్డసంచీ తీసింది. అందులోంచి బూడిదరంగు ముక్కలు రెండు తీసింది. పాదం ఆకారంలో కత్తిరించిన మందపాటి మెత్తలు! ఒకటి కుడి బూటులో పెట్టి వేళ్లతో అదిమింది. రెండోది ఎడమ బూటులో పెట్టింది. అప్పటికే మేజోళ్లు వేసుకుని ఉన్న కాళ్లను లోపలికి దూర్చి, లేసులు బిగించింది.

"అదా సంగతి!" అనుకుంది కమల.

అంటే సులోచన గొప్పగా ఆడటం లేదన్నమాట. ఆ మెత్తలు ఆడిస్తున్నాయి. ఎవరికీ చెప్పకుండా దాచుకుంది చూడు! అవే నా బూట్లలో ఉంటే నేను ఎగిరిపోనూ?

ఆ సాయంత్రం సులోచన మూడు గోల్స్ కొట్టింది. ప్రతి గోల్‌కీ కమల మనసులో ఒకే మాట. మెత్తలు. మెత్తలు. మెత్తలు.

*

బుధవారం మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. పిల్లలందరూ చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పరుగెత్తారు. తరగతిలో కమల ఒక్కతే మిగిలింది.

సులోచన సంచీ మూడో బెంచీ మీద ఉంది.

కమల ఒకసారి గుమ్మం వైపు చూసింది. చెయ్యి మాత్రం ఆగలేదు. గుడ్డసంచీ తీసి తన పుస్తకాల మధ్య దోపేసుకుంది. తర్వాత డబ్బా తెరిచి పులిహోర తింది. అమ్మ చేసిన పులిహోర ఆ రోజు మట్టిలా ఉంది.

సాయంత్రం సులోచన సామాన్ల గది వెనక్కి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక ఆమె మొహం పాలిపోయి ఉంది.

"ఏమైందే?" అని ఎవరో అడిగారు.

"ఏం లేదు" అంది సులోచన.

ఎవరినీ ఏమీ అడగలేదు. 'నా మెత్తలు పోయినయి' అని ఒక్క మాట కూడా అనలేదు. కమలకు అదే వింతగా తోచింది. తనైతే బడంతా ఏకం చేసి ఉండేది.

ఆట మొదలైంది. సులోచన బూట్లలో చేతిరుమాలు, కాగితాలు కుక్కుకుని వచ్చినట్టుంది. రెండడుగులు జారగానే ఎడమ కాలు పక్కకు తిరిగింది. పడింది. లేచింది. మళ్లీ పడింది. మోకాలు గీసుకుపోయి రక్తం వచ్చింది.

మరి కమల?

ఎవరూ చూడకుండా మెత్తలు వేసుకుంది కాబట్టి ఎగిరిపోవాలి కదా! కానీ ఎడమ బూటులో పాదం దూరడమే కష్టమైంది. అడుగున ఎత్తుగా ఉంది. ముందు ఏదో గడ్డలా ఉండి వేళ్లను నలిపేస్తోంది. కుడి మడమేమో ఎప్పటిలాగే లేచిపోతోంది. ఒక కాలు ఎత్తు, ఒక కాలు పల్లం. బండి చక్రం గుంతలో పడ్డట్టు కమల పక్కకు ఒరిగి ధబాలున పడింది.

"ఏందమ్మా ఇది? ఇద్దరికిద్దరూ ఇట్లనే పడుతున్నరు!" దమయంతి టీచర్‌కు కోపం వచ్చింది. "శనివారం మ్యాచ్ ఉన్నదని యాదికుందా? సికింద్రాబాద్ బడివాళ్లు వస్తున్నరు."

టీచర్ వంగి సులోచన మోకాలు చూశారు.

"సులోచనా, నీ మోకాలు బాగా గీరుకపోయింది. శనివారం నువ్వు బయట కూర్చో. కమలా, నువ్వు మళ్లీ ఫార్వర్డ్. శుక్రవారం పేర్లు రాసి గోడకు పెడత."

సులోచన తలవంచుకుని బూట్లు విప్పడానికి వెళ్లిపోయింది.

కమలకు కావలసింది దొరికింది. అయినా సంతోషం ఎంత వెతికినా కనిపించలేదు.

*

గురువారం బడి వదిలాక కమల నారాయణగూడ చౌరస్తాకు వెళ్లింది. అక్కడ గోడ వారన, గోనెపట్టా నీడలో బుగ్గయ్య చెప్పులు కుడుతూ కూర్చుంటాడు. మెత్తలను కొంచెం చెక్కిస్తే తన కాలికి సరిపోతాయని కమల ఆశ.

"తాతా, వీటిని కొంచెం పల్చగా చేస్తావా? ఎడమది మరీ మందంగా ఉంది."

బుగ్గయ్య మెత్తలు చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. కళ్లద్దాల పైనుంచి కమలను చూశాడు.

"ఇవి నీకు ఎక్కడియి బిడ్డా?"

కమల చూపు తిప్పుకుంది. "నావే."

"నీవా?" బుగ్గయ్య ఎడమ మెత్తను అరచేతిలో పెట్టుకున్నాడు. "నేను పడుచోణ్ని ఉన్నప్పుడు గుర్రాల జీన్లు కుడుతుంటి. జీను కింద గుర్రం వీపు ఒరసుకపోకుండ ఉన్ని పట్టా ఏస్తరు, దాంతోటి చేసిన ఇవి. ఇగో, మడమ కింద రెండు పొరలు. ముందట వేళ్ల కాడ ఇంకొక ముక్క. గీ మోస్తరు మెత్త ఈ ఊర్ల ఒక్క కాలుకే చేసిన. చిక్కడపల్లి సులోచన కాలుకు."

కమల ఆ ముక్కను వేలితో తాకి చూసింది.

"ఆ పిల్ల ఎడమ పాదం పుట్టినప్పటిసంది చిన్నది. కుడిదాని కంటే ఇంత తక్కువ." బుగ్గయ్య రెండు వేళ్లు పక్కపక్కన పెట్టి చూపించాడు. "మేజోట్ల దూది కూరుకోని ఎవ్వలకు కనపడనియ్యది." వెంటనే నాలుక కరుచుకున్నాడు. "అరెరె, నోరు జారిన. ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నది. నువ్వు ఎవ్వలతోటీ అనకు బిడ్డా."

కమలకు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. పరుగు పందెంలో ఎప్పుడూ చివర వచ్చే సులోచన. ఎండాకాలంలో కూడా మేజోళ్లు విప్పని సులోచన. మెత్తలు పోయినా ఎవరినీ అడగని సులోచన. అడిగితే ఎందుకు కావాలో చెప్పాలి కదా!

ముక్కు మీదుగా కన్నీళ్లు జారి మెత్త మీద పడ్డాయి.

"నావి కావు తాతా. తీసేశాను."

బుగ్గయ్య తిట్టలేదు. మెత్తలను జాగ్రత్తగా గుడ్డసంచీలో పెట్టి ఆమె చేతికిచ్చాడు.

"మరి నీ కాళ్లకేమైంది?"

కమల మేజోడు దించి పుండు చూపించింది.

"అబ్బ! పచ్చిగుంది. ముందుగాల ఇవి ఇచ్చేసి రా. రేపు నీ బూట్లు పట్టుకరా. నీ పాదం నేను చూస్త."

*

చిక్కడపల్లి సందులో సులోచన ఇల్లు. గుమ్మంలో వాళ్ల నాయనమ్మ బాలనాగమ్మ బియ్యం ఏరుతోంది.

"సులోచన ఉందా అండీ?"

"ఉన్నది. నిన్నటిసంది ఆటకు పోను, బడికి పోను అంటున్నది. ఏమైందో నువ్వన్న అడుగు బిడ్డా. నాకైతే చెప్తలేదు."

సులోచన పెరట్లో కుళాయి కింద కాళ్లు కడుక్కుంటోంది. కమలను చూడగానే చటుక్కున పరికిణీ కుచ్చిళ్లు ఎడమ పాదం మీదికి లాక్కుంది.

కమల గుడ్డసంచీ చాచింది.

సులోచన దాన్ని చూసింది. కమల మొహం చూసింది. ఇక చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. అయినా కమల చెప్పింది.

"నేనే తీశాను. నువ్వు బాగా ఆడుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు."

కుళాయి కారుతూనే ఉంది.

"నీ మడమ ఒరసుకపోయిందని నాకు తెల్వదా?" అంది సులోచన చివరికి. "అడిగితే నేనే బుగ్గయ్య తాత దగ్గరికి తీస్కపోతుంటి. ఒక్క మాట అడిగితే అయిపోతుండె!"

"తప్పయింది సులోచనా."

"తాత చెప్పిండా? నా కాలు సంగతి?"

అబద్ధం ఆడాలని ఒక్క క్షణం అనిపించింది. కమల తలూపింది. "పొరపాటున నోరు జారాడు. నేను ఎవ్వరికీ చెప్పను."

"చెప్తవ్. క్లాసులో అందరికీ చెప్తవ్."

"చెప్పను."

"ఇప్పుడు నువ్వు పో."

కమల వచ్చేసింది. బాలనాగమ్మ వెనకనుంచి ఏదో అడిగింది. కమలకు వినిపించలేదు.

*

శుక్రవారం టీచర్ పేర్ల కాగితం పట్టుకుని గచ్చు దగ్గరికి వచ్చారు. మొదటి పేరు కమలాకుమారిది.

"టీచర్!" కమల ముందుకు వచ్చింది. "బుధవారం సులోచన పడిపోయింది నా వల్ల. తన బూట్లలో వేసుకునే మెత్తలు నేను దొంగతనంగా తీశాను."

పిల్లలంతా నోళ్లు తెరిచారు. "అమ్మో!" అంది ఒకమ్మాయి. వెనక వరుసలో సులోచన తలెత్తింది.

"మెత్తలేంది?" అన్నారు టీచర్.

సులోచన కళ్లు కమల మీదే ఉన్నాయి.

"బూట్లు పెద్దవి కదా టీచర్. కాలు జారకుండా లోపల వేసుకునేవి." అక్కడితో ఆపేసింది కమల.

టీచర్ ఒక పిల్ల బూటు తీసి లోపల చెయ్యి పెట్టి చూశారు. "నిజమే. అందరికీ పెద్దవే. ఈ బుద్ధి నాకెందుకు పుట్టలేదో!" అని కమల వైపు తిరిగారు.

"చెప్పినందుకు మంచిదే. కానీ నీ వల్ల ఆ పిల్ల మోకాలు పగిలింది. రేపు నువ్వు బయట కూర్చో."

"అలాగే టీచర్."

పేర్ల కాగితం మీద టీచర్ ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశారు. కమల అటు చూడలేదు. చూడటం కష్టమనిపించింది.

ఆ సాయంత్రం కమల తన బూట్లు పట్టుకుని బుగ్గయ్య దగ్గరికి వెళ్లింది. బుగ్గయ్య అట్ట మీద ఆమె పాదం పెట్టించి పెన్సిల్‌తో చుట్టూ గీత గీశాడు. మడమను చేత్తో పట్టి చూశాడు.

"నీది ముందల వెడల్పు, మడమ సన్నం. నీకు కింద ఎత్తు అక్కర్లేదు. వెనక రెండు దిక్కుల పట్టు కావాలె. పాదం పాదానికి లెక్క వేరుంటది బిడ్డా."

పల్చని మెత్త ఒకటి కోశాడు. మడమ పక్కల రెండు చిన్న ముక్కలు అంటించాడు. కమల బూటు తొడుక్కుని నిలబడింది. పాదం కదల్లేదు. మడమ లేవలేదు. ఎవరో రెండు చేతులతో మెల్లగా పట్టుకున్నట్టుంది.

రేపు ఆడలేనని గుర్తుకొచ్చి మనసు చివుక్కుమంది.

*

శనివారం మ్యాచ్ బషీర్‌బాగ్‌లో. గచ్చు చుట్టూ జనం. సికింద్రాబాద్ పిల్లలు ఎర్ర చొక్కాల్లో మెరిసిపోతున్నారు. సులోచన మోకాలికి గుడ్డ కట్టుకుని ముందు నిలబడింది.

కమల బూట్లు తొడుక్కుని బల్ల మీద కూర్చుంది. సులోచన ఆమె పక్కనుంచే వెళ్లింది. మాట్లాడలేదు. గురువారం నుంచీ మాట్లాడలేదు.

ఆట మొదలైంది. సులోచన మలుపు తిరిగినప్పుడల్లా, అక్కడ తనుండాల్సిందని కమలకు ఇంకా అనిపిస్తూనే ఉంది. దాంతోపాటు ఇంకొకటి కూడా ఉంది. ఆ చిన్న పాదం ఎలా ఉందో అన్న బెంగ.

సగం ఆట అయ్యేసరికి చెరో గోల్. విజిల్ పడింది. సులోచన బల్ల వైపు వస్తూ వస్తూ తడబడింది. ఎడమ కాలు ఈడుస్తోంది. బల్ల మీద కూలబడి అటూ ఇటూ చూసింది. అన్ని వైపులా మనుషులే. దాక్కోవడానికి సామాన్ల గది లేదు.

ఆమె కమలను చూసింది.

"మేజోట్ల పెట్టుకున్న దూది మడత పడ్డది" అంది గుసగుసగా. "వేళ్లు నొక్కుకపోతున్నయి. మేజోడు విప్పాలె."

కమల ఒక్క ఉదుటున లేచింది. సులోచన ఎదురుగా జనానికి వీపు పెట్టి గచ్చు మీద మోకాళ్లపై కూర్చుంది. గౌను అంచులు రెండు పక్కలా వెడల్పుగా పరిచింది. ఇప్పుడు అటునుంచి ఎవరు చూసినా కమల వీపే కనిపిస్తుంది.

బూటు విప్పింది. మేజోడు తీసింది. చిన్న పాదం ఆమె ఒడిలోకి వచ్చింది. చల్లగా, చెమటతో తడిసి ఉంది. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. కమల వాటిని ఒక్క క్షణం రుద్దింది. దూది సాపు చేసి మేజోట్లో పెట్టింది.

"ఏమైందే అక్కడ?" ఒకమ్మాయి వంగి చూడబోయింది.

"లేసు కడుతున్నా. నువ్వెళ్లి మంచినీళ్లు తాగు" అంది కమల, కదలకుండా.

ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

"గట్టిగ కట్టు" అంది సులోచన.

"ఇంతేనా? ఇంకానా?"

"ఇంకా జర."

కమల పళ్ల బిగువున లాగి ముడి వేసింది. విజిల్ పడింది. టీచర్ పిలుస్తున్నారు. సులోచన లేవడానికి ఆసరా కోసం చెయ్యి చాచింది. ఆ చెయ్యి గాల్లో ఒక క్షణం ఆగి, కమల భుజం మీద ఆనింది.

చక్రాల మీద నిలదొక్కుకునేదాకా సులోచన తన బరువంతా ఆ భుజం మీదే మోపింది. కమల ఊపిరి బిగబట్టి, కొంచెమైనా కదలకుండా అలాగే కూర్చుంది.